తాబేలు ఆవరణలో ఏ మొక్కలు నాటాలి, వేటిని గేటు బయటే ఆపాలి

తాబేలు తిరిగే చోట కేవలం అందం కోసం నాటే మొక్క అంటూ ఉండదు. దాని నోటికి అందిన ప్రతి ఆకూ, పువ్వూ, రాలిన రెక్కా దానికి తిండే. అందుకే ఆవరణలోకి ఏ మొక్క తెచ్చే ముందైనా నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: నేను చూడని ఒక పూటలో ఇది మొదలంటా తినేస్తే ఏమవుతుంది? "ఏమీ కాదు" అని ధైర్యంగా చెప్పుకోగలిగితేనే గుంత తవ్వుతాను.

ఏది తినాలో, ఏది తినకూడదో తాబేలుకు పుట్టుకతోనే తెలుసని చాలామంది చెబుతారు. దయచేసి దీన్ని నమ్మకండి. అడవిలో తాబేలు తన జాతి తరతరాలుగా మేసిన మొక్కల మధ్య బతుకుతుంది. ఒకటి నచ్చకపోతే ఇంకోదాని దగ్గరకు నడిచి వెళ్తుంది. మన ఆవరణలో ఒక మూల ఆఫ్రికా మొక్క, ఇంకో మూల మధ్యధరా ప్రాంతపు పొద పక్కపక్కనే ఉంటాయి, నడవడానికి ఉన్నది ఆ నాలుగు గోడల మధ్య జాగానే. పైగా ఎరుపు, పసుపు రంగులు కనిపిస్తే తాబేళ్ళు నేరుగా అటే వెళ్తాయి. విషపు మొక్కల్లో చాలావాటి పువ్వులు ఆ రంగుల్లోనే ఉంటాయి.

నా దగ్గర రెండు తాబేళ్ళున్నాయి. బండ అనేది సుల్కాటా, సహారా ఎడారి దక్షిణపు అంచున ఎండు గడ్డి మేసే జాతి. కెంపు అనేది ఎర్రకాళ్ళ తాబేలు, దక్షిణ అమెరికా అడవుల జాతి. రెండింటి ఆవరణలూ వేరు, వాటిలో మొక్కలూ వేరు. మీరు మొదట తేల్చుకోవాల్సింది ఇదే. సుల్కాటా, లెపర్డ్ జాతులకు గడ్డి ప్రధానం. హెర్మన్, గ్రీక్, రష్యన్ తాబేళ్ళు వెడల్పాకుల కలుపు మొక్కలు ఎక్కువగా తింటాయి. ఎర్రకాళ్ళవి ఆకులు, పువ్వులతో పాటు పండ్లు, పుట్టగొడుగులు, కొంచెం మాంసాహారం కూడా తింటాయి, వాటికి గాలిలో తేమ బాగా ఉండాలి. బండ ఆవరణలో తేమ కోరే ఫెర్న్ నాటితే మొక్కా బతకదు, అతనికీ ఉపయోగం లేదు.

తరవాత సంగతి పేరు. వాడుక పేరు ఒక్కటే నమ్ముకుని మొక్క కొనకండి. జెముడు సంగతే చూడండి. నాగజెముడు అంటే ఓపన్షియా, పలకల్లాంటి కాండాలతో పెరిగే అసలైన కాక్టస్. తాబేలుకు ఇంతకన్నా మంచి మొక్క అరుదు. కానీ జెముడు అనే పేరుతోనే పిలిచే ఇంకొన్ని మొక్కలు యుఫోర్బియా కుటుంబానివి. వాటికీ ముళ్ళుంటాయి, చూడ్డానికీ కాక్టస్ లాగే ఉంటాయి. గీరితే మాత్రం తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు నోటినీ, కళ్ళనీ, జీర్ణనాళాన్నీ మండించేస్తాయి. ఓపన్షియా పలక కోస్తే పాలు రావు, రంగులేని జిగురు వస్తుంది. అలాగని పాలు కారే ప్రతి మొక్కా విషం అనుకోకండి. మల్బరీ ఆకు తుంచినా, డాండెలియన్ అనే పసుపు పువ్వుల కలుపు మొక్క కాడ విరిచినా పాలు వస్తాయి, రెండూ తాబేలుకు మంచి తిండే. పాలు కనిపిస్తే ఆగి, శాస్త్రీయ నామం తెలుసుకుని, అప్పుడు నిర్ణయించండి. పేరు తెలియని మొక్కను నేను ఎంత బాగున్నా లోపలికి రానివ్వను.

ఇక పూర్తిగా దూరం పెట్టాల్సినవి. గన్నేరు మొదటిది. తెల్లది, ఎర్రది, పచ్చ గన్నేరు అన్నీ గుండె మీద పనిచేసే విషాలున్నవే, ఎండిన ఆకులో కూడా ఆ విషం పోదు. ఎడారి గులాబీ అని కుండీల్లో పెంచే అడీనియం, జిల్లేడు, కలంచో కూడా గుండెకే దెబ్బ. కలంచో గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే అది రసం నిండిన దళసరి ఆకులతో "ఎడారి మొక్కే కదా, పర్లేదులే" అనిపించేలా ఉంటుంది. దాని పువ్వులు కూడా ఎరుపు, పసుపు రంగుల్లో గుత్తులుగా నేలకు దగ్గరగా పూస్తాయి. ఉమ్మెత్త, ఆముదం, గురివింద, బిళ్ళ గన్నేరు, అగ్నిశిఖ, లంటానా, అజేలియా, ఇవేవీ వద్దు. లంటానా కాలేయాన్ని పాడుచేస్తుంది. అగ్నిశిఖ దుంపలో విషం ఇంకా ఎక్కువ, తవ్వే అలవాటున్న తాబేలుకు ఆ దుంప దొరకడం కష్టమేమీ కాదు. సైకస్ అనే మొక్క పామ్ లాగా కనిపిస్తుంది, పామ్ కాదు. అందులోని సైకసిన్ కూడా కాలేయానికి విషం. పామ్ ఆకారం కావాలంటే అరెకా పామ్ పెట్టుకోండి. టమాటా, బంగాళదుంప మొక్కల ఆకులు, అవకాడో ఆకులు కూడా ఈ వరసలోనే చేర్చుకోండి.

మనీ ప్లాంట్ దగ్గర వాదన వస్తుంది. డీఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, సింగోనియం, కలేడియం, మనీ ప్లాంట్ అన్నీ ఒకే కుటుంబం. వీటి ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది, నమలగానే నోట్లో, గొంతులో గుచ్చుకుని వాపు తెస్తుంది. "మా తాబేలు మనీ ప్లాంట్ కొరికింది, ఏమీ కాలేదు" అనేవాళ్ళున్నారు. ఒకసారి కొరకడం వేరు, రోజూ తిరిగే చోట అదే మొక్క ఉండటం వేరు. తేమగా ఉండే ఇండోర్ ఆవరణకు సురక్షితమైన మొక్కలు బోలెడున్నాయి. స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, కలాథియా, మరాంటా ఆ పని చక్కగా చేస్తాయి. కెంపు ఆవరణలో ఈ నాలుగూ ఉన్నాయి. కలాథియా ఆకుల కిందే పగలంతా పడుకుంటుంది.

మధ్యరకం మొక్కల గురించి కూడా ఆలోచించాలి. పాలకూర, తోటకూర, గంగవాయిలకూర విషాలు కావు. కానీ వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. పెంకు, ఎముకలు గట్టిపడటానికి తాబేలుకు తిండిలో భాస్వరం కన్నా కాల్షియం కనీసం రెట్టింపు ఉండాలంటారు. అప్పుడప్పుడు ఒక రెమ్మ తింటే ఇబ్బంది లేదు. ఆవరణంతా అదే మొలిస్తే మాత్రం రోజూ అదే తింటుంది. అందుకే ఇలాంటివి బయట కుండీలో పెంచి, కోసి ఇస్తాను. క్లోవర్ అనే మూడాకుల మేత మొక్కలో ప్రొటీన్ ఎక్కువ, కాబట్టి దానిదీ ఇదే లెక్క. కలబంద తొక్క కింద ఉండే పసుపు రసం విరేచనాలు చేయిస్తుంది, దాన్నీ లోపల నాటను.

నాటాల్సినవాటిలో నా మొదటి ఓటు గరికకే. పీచు నిండుగా ఉంటుంది, మేసిన కొద్దీ మళ్ళీ అల్లుకుంటుంది, తొక్కినా చావదు. తాబేలు కడుపు పీచును నెమ్మదిగా పులియబెట్టి అరిగించుకునేలా ఉంటుంది, అందుకే పీచు తగ్గితే అరుగుదల దెబ్బతింటుంది. కణుపులున్న తీగ ముక్కలు తెచ్చి తడి నేలలో పరిస్తే చాలు, నాటుకుంటుంది. పక్కన ఎవరో కలుపు మందు కొట్టిన చోటి నుంచి మాత్రం తేవద్దు.

తరవాత మందారం. ఆకూ తింటుంది, పువ్వూ తింటుంది. కత్తిరిస్తే ఇంకా గుబురుగా పెరుగుతుంది, ఎండ పూట నీడ ఇస్తుంది. మల్బరీ కూడా అంతే ఉపయోగం. పెన్సిల్ మందం ఉన్న కొమ్మను మూడు నాలుగు కణుపులతో కోసి గుచ్చితే వేళ్ళు పోస్తుంది. పెద్దయ్యాక ఎంత నరికినా మళ్ళీ చిగురిస్తుంది. బండ మందారం పువ్వు రాలిన చప్పుడు విన్నట్టే వచ్చేస్తాడు. దేశీ గులాబీ రెక్కలు, ద్రాక్ష ఆకులు కూడా మంచివే. గులాబీ కొమ్మల ముళ్ళు కళ్ళ ఎత్తులో లేకుండా కింది కొమ్మలు తీసేయండి.

నాగజెముడు నాటే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తొందరపడితే కుళ్ళిపోతుంది. ముళ్ళు లేని రకం వెతకండి. ముళ్ళు లేవన్నవాటికీ మచ్చల దగ్గర కంటికి ఆనని నూగు ముళ్ళుంటాయి. చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకుని, వాటిని మంట మీద చూపించి కాల్చేయండి, లేదా కత్తితో గీకేయండి. నాటడానికి తెంపిన పలకను వెంటనే మట్టిలో పెట్టకూడదు. కోసిన చోటు ఎండి పొర కట్టేదాకా ఓ వారం నీడలో ఉంచండి. ఆ తరవాత ఇసుక కలిసిన మట్టిలో మూడో వంతు లోపలికి దిగేలా నిలబెట్టి, వేళ్ళు పట్టేదాకా నీళ్ళు పోయకుండా వదిలేయండి. పలకలో నీరెక్కువ కాబట్టి ఒకేసారి బాగా తింటే విరేచనం పల్చబడుతుంది, అది చూసి కంగారు పడకండి, మోతాదు తగ్గించండి.

మంచి మొక్కే అయినా నర్సరీ నుంచి వచ్చిన రోజున అది సురక్షితం కాదు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. మందారానికి పిండినల్లి పడుతుందని నర్సరీల్లో మందు కొడతారు. పైపైన కొట్టిన మందైతే నీళ్ళతో కడిగితే కొంత పోతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క లోపలికే ఇంకిపోతాయి, కడిగినా ఆకులో నుంచి రావు. అందుకే కొన్న మొక్కను నెలల తరబడి వేరే చోట పెంచుతాను. మొదట వచ్చిన ఆకులన్నీ తీసేసి, కొత్తగా వచ్చిన ఆకుల మీదే నమ్మకం పెట్టుకుంటాను. ఏ మందు వాడారో అడిగినా తేలకపోతే ఆ మొక్కకు పూర్తిగా ఒక ఏడాది సమయం ఇవ్వండి. విత్తనం నుంచో, మందు కొట్టని ఇంటి చెట్టు కొమ్మ నుంచో పెంచుకుంటే ఈ బాధే లేదు.

కుండీలోని మట్టి కూడా మార్చాలి. అందులో తెల్లగా మెరిసే పెర్లైట్ గింజలు, ఎరువు గుళికలు, నీటిని పట్టి ఉంచే జెల్ పూసలు ఉంటాయి. తాబేలు వీటిని తిండి అనుకుని మింగుతుంది, పేగుల్లో అడ్డం పడతాయి. వేళ్ళకు అంటిన పాత మట్టిని నీళ్ళలో జాడించి, మామూలు తోట మట్టిలో నాటండి. పైన నున్నటి గులకరాళ్ళు పరచాలనుకుంటే తాబేలు నోట్లో పట్టనంత పెద్దవే వాడండి.

నాటిన మొక్కను తాబేలు నుంచి కాపాడటం ఇంకో పని. సుల్కాటా పెద్దదైతే 50 కిలోలు దాటగలదు, లేత మొక్క మీద నుంచి అది ఒక్కసారి నడిస్తే సరిపోతుంది. మొదలు చుట్టూ బరువైన రాళ్ళు వలయంగా పాతండి, వేళ్ళు గట్టిపడేదాకా జల్లెడ తడిక కట్టండి. వలలో కాలు, తల చిక్కుకునే సన్నటి దారం జాలీలు వద్దు. నాకు బాగా పనికొచ్చిన ఏర్పాటు ఇంకోటి ఉంది. మల్బరీని గోడ బయట నాటి కొమ్మలు లోపలికి వాలేలా వదిలాను. మొదలు భద్రం, అందిన ఆకులు బండవి. చిన్న ఆవరణలో అయితే ఒకే రకం కుండీలు రెండు మూడు పెట్టుకుని, తిన్నదాన్ని బయటకు తీసి కోలుకోనివ్వండి.

ఆవరణ లోపల అన్నీ సరిగ్గా ఉన్నా, పైకి కూడా చూడండి. గోడ అవతల గన్నేరు ఉంటే గాలికి ఆకులు ఇటే రాలతాయి. గోడ మీద వేలాడదీసిన కుండీ నుంచి తెగిన తీగా కిందే పడుతుంది. కొమ్మలు కత్తిరించిన రోజు చెత్త పూర్తిగా ఎత్తేదాకా నేను తాబేళ్ళను వదలను. వానలు పడ్డాక ఆవరణలో తనంతట తాను మొలిచే మొక్కలను కూడా వారానికోసారి చూసి, పోల్చుకోలేనివి పీకేస్తాను. ద టార్టాయిస్ టేబుల్ అనే ఉచిత మొక్కల జాబితా తాబేళ్ళ కోసమే తయారైంది, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో ఏది ఎంతవరకు తినొచ్చో చెబుతుంది. కుక్కలు, పిల్లుల కోసం రాసిన విషపు మొక్కల జాబితాలు మాత్రం తాబేలుకు యథాతథంగా సరిపోవు.

కొత్త మొక్కను ఎప్పుడూ ఒక్కొక్కటిగానే చేర్చండి. రెండు కొత్తవి ఒకేసారి పెడితే, తేడా వచ్చినప్పుడు ఏది కారణమో తేలదు.

ఏదైనా విషపు మొక్క తిన్నదని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకండి. తాబేలు అరుగుదల నిదానం, విషం పని చేయడం కూడా ఆలస్యంగా బయటపడొచ్చు. నోటి నుంచి చొంగ, నురగ, నోటి వాపు, విరేచనాలు, తూలుతూ నడవడం, మెడ వాల్చేయడం కనిపించాయంటే అప్పటికే సమయం పోయినట్టు. నోట్లో మిగిలిన ముక్క సులువుగా వస్తే తీసేయండి, బలవంతంగా వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, నూనె, పాలు లాంటివి తాగించకండి. తిన్న మొక్క కొమ్మ ఒకటి ఆకు, పువ్వుతో సహా సంచీలో వేసుకుని, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో రాసుకుని, సరీసృపాలకు వైద్యం తెలిసిన డాక్టర్ దగ్గరకు వెంటనే తీసుకెళ్ళండి. ఆ డాక్టర్ నంబర్ మొదటి మొక్క నాటక ముందే ఫోన్‌లో పెట్టుకోండి, ఎందుకంటే తాబేళ్ళను చూసే డాక్టర్లు అన్నిచోట్లా దొరకరు.