తేమ ఎక్కువగా ఉండే గ్రీన్‌హౌస్‌లో గంజాయి సాగు: కెనడాలో మైక్రో సాగు లైసెన్స్‌కు దరఖాస్తు విధానం

కెనడాలో గంజాయి చట్టం 2018 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి అమ్మకం కోసం గంజాయి పండించే ప్రతి ఒక్కరూ సమాఖ్య ప్రభుత్వ ఆరోగ్య శాఖ అయిన హెల్త్ కెనడా నుంచి లైసెన్స్ పొందవలసి ఉంటుంది. సాగు లైసెన్సులు ప్రధానంగా మూడు తరగతులు: మైక్రో, స్టాండర్డ్, నర్సరీ. చిన్న గ్రీన్‌హౌస్‌తో మొదలుపెట్టేవారికి సాధారణంగా సరిపోయేది మైక్రో తరగతి. ఈ లైసెన్స్ కింద మొక్కలు పరచుకునే విస్తీర్ణం మొదట్లో 200 చదరపు మీటర్లు దాటకూడదని ఉండగా, 2025 మార్చిలో వచ్చిన సవరణతో ఆ పరిమితి 800 చదరపు మీటర్లకు పెరిగింది. ఒకదానిపై ఒకటిగా అరలు కట్టి పెంచితే ప్రతి అర విస్తీర్ణాన్నీ విడిగా లెక్కించి కలపాలి కనుక, నేల కొలత ఒక్కటే చూసుకుని దరఖాస్తు నింపడం సరికాదు. ఇక్కడ చెప్పే విధానం కెనడాకు మాత్రమే వర్తిస్తుంది. ఇతర దేశాల్లో ఇదే పని తీవ్రమైన నేరం కావచ్చు.

దరఖాస్తుదారు వ్యక్తి అయితే 18 ఏళ్లు నిండి, సాధారణంగా కెనడాలో నివసించేవారై ఉండాలి. సంస్థ పేరుతోనూ దరఖాస్తు చేయవచ్చు. దరఖాస్తు మొత్తం గంజాయి ట్రాకింగ్, లైసెన్సింగ్ వ్యవస్థ అనే ఆన్‌లైన్ వేదికపైనే సాగుతుంది. అందులో ముందుగా సంబంధిత వ్యక్తులు తమ ఖాతాలు తెరుచుకోవాలి, సంస్థ అయితే దాని వివరాలు నమోదు చేయాలి, ఆ తర్వాతే సాగు స్థలం వివరాలకు వెళ్లాలి. నివాస గృహంలో లైసెన్స్ కార్యకలాపాలను నిబంధనలు అనుమతించవు. స్థానిక పురపాలక సంస్థ జోనింగ్ నియమాలు (ఏ ప్రాంతంలో స్థలాన్ని దేనికి వాడవచ్చో చెప్పేవి), భవన అనుమతులు వేరే విషయం. వాటిని దరఖాస్తుకు ముందే తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే సమాఖ్య లైసెన్స్ ఉన్నంత మాత్రాన స్థానిక నియమాల నుంచి మినహాయింపు దొరకదు.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసిన నిబంధన ఒకటుంది. 2019 మే 8 నుంచి కొత్తగా సాగు లైసెన్స్ కోరేవారు దరఖాస్తు సమర్పించే నాటికే నిబంధనలకు అనుగుణంగా స్థలాన్ని పూర్తిగా నిర్మించి ఉండాలి. నిర్మాణం పూర్తయిందని ఫొటోలు, వీడియోలు, ప్లాన్లతో చూపాలి. అంతకుముందులాగా కాగితం మీద ప్రణాళిక చూపించి, ఆమోదం వచ్చాక కట్టుకోవడం ఇప్పుడు కుదరదు. గ్రీన్‌హౌస్ వరకు ఈ నిబంధన అర్థం ఏమిటంటే, తేమను ఎలా అదుపులో పెట్టాలో తేల్చుకోకుండా కట్టిన భవనంతో దరఖాస్తు చేస్తే, లోపం బయటపడే సరికి పెట్టుబడి అంతా గాజులోనూ ఇనుములోనూ చిక్కుకుపోయి ఉంటుంది.

తేమ సమస్య ఎందుకంత చిక్కైనదో కొంచెం వివరంగా చూడాలి. మామూలు కూరగాయల గ్రీన్‌హౌస్‌లో తేమ పెరిగితే పైకప్పు కిటికీలు తెరుస్తారు, తడిగాలి బయటికి పోతుంది. గంజాయి నిబంధనలేమో సాగు జరిగే భవనంలో తగినంత శుభ్రమైన గాలి అందాలని, చెడుగాలి బయటికి పోవాలని చెబుతూనే, వాసన బయటికి వ్యాపించకుండా గాలిని వడకట్టే వ్యవస్థ కూడా ఉండాలంటాయి. కాబట్టి కిటికీ తెరిచేయడం అనే సులువైన దారి ఇక్కడ పనికిరాదు. పగలు మొక్కలు ఆకుల ద్వారా వదిలిన నీటి ఆవిరి లోపలే నిలిచిపోయి, రాత్రి ఉష్ణోగ్రత తగ్గగానే గాజు మీద, ఆకుల మీద, ముఖ్యంగా దట్టమైన పూగుత్తుల లోపల నీటి చుక్కలుగా మారుతుంది. గంజాయి పూలను లోపలి నుంచి కుళ్లబెట్టే బోట్రైటిస్ శిలీంధ్రానికి ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి ఉండదు. బూడిద తెగులుకు ఆకుల మీద నీరు నిలవనక్కర్లేదు, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చాలు. అందువల్ల తేమను పీల్చే యంత్రాలు, రాత్రి వేళ కొద్దిగా వేడి ఇచ్చే ఏర్పాటు, గాలిని నిరంతరం కదిలించే ఫ్యాన్లు, బయటికి పోయే గాలికి కార్బన్ ఫిల్టర్లు, ఈ నాలుగూ ఒకే వ్యవస్థగా పనిచేసేలా ముందే రూపకల్పన చేసి, దరఖాస్తుకు జతచేసే ఫొటోల్లో, వివరణలో స్పష్టంగా కనిపించేలా చూడాలి. కార్బన్ ఫిల్టర్ కూడా గాలిలో తేమ బాగా పెరిగితే వాసనను సరిగా పట్టలేదు. ఈ సంగతి చాలామంది దృష్టికి రాదు.

రసాయనాలతో తెగుళ్లను అణచవచ్చులే అనుకునే అవకాశం కూడా తక్కువే. గంజాయి మీద వాడేందుకు కెనడాలో ప్రత్యేకంగా నమోదైన తెగులు మందులను మాత్రమే వాడాలి, అదీ లేబుల్‌పై ఉన్న సూచనల ప్రకారమే. 2019 జనవరి నుంచి మందుల అవశేషాలకు పరీక్ష తప్పనిసరి అయింది. అందుచేత రకం ఎంపిక దగ్గరే సగం పని జరగాలి. పూగుత్తులు బిగువుగా, గట్టిగా కట్టే రకాల కంటే, గాలి చొరబడేలా వదులుగా పూసే రకాలు తడి ప్రాంతాల్లో కుళ్లుకు తక్కువగా లోనవుతాయి. ఎంచుకున్న రకం విత్తనాలు, మొక్కలు చట్టబద్ధమైన లైసెన్స్‌దారు నుంచి రావాలి. అయితే కొత్తగా లైసెన్స్ పొందేవారికి, లైసెన్స్ అమల్లోకి వచ్చే రోజున తమ దగ్గర ఉండబోయే విత్తనాలనూ మొక్కలనూ ఒకే ఒక్కసారి ప్రకటించే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. ఆ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది కనుక, తడికి తట్టుకుంటుందని నమ్మకమున్న రకం ఏదైనా ఉంటే ఈ ప్రకటనలో చేర్చడం మరవకూడదు.

దరఖాస్తు సమర్పించే ముందు స్థానిక ప్రభుత్వానికి, అగ్నిమాపక శాఖకు, పోలీసులకు లిఖితపూర్వకంగా సమాచారం ఇవ్వాలి. లైసెన్స్‌కు బాధ్యత వహించే వ్యక్తి, భద్రతాధికారి, సంస్థ డైరెక్టర్లు భద్రతా అనుమతి (నేపథ్యాన్ని పరిశీలించి ఇచ్చే అనుమతి) కోసం వేలిముద్రలతో విడిగా దరఖాస్తు చేసుకోవాలి. స్థలం చుట్టూ అనధికారులు రాకుండా అడ్డుకునే కంచె వంటి భౌతిక ఏర్పాటు ఉండాలి, నిల్వ గదిలోకి అవసరమైనవారు తప్ప మరెవరూ వెళ్లకూడదు. రుసుము విషయానికొస్తే, 2018లో మైక్రో దరఖాస్తు పరిశీలనకు 1,638 డాలర్లు, ఒక్కో భద్రతా అనుమతికి 1,654 డాలర్లు నిర్ణయించారు. ఇవి ఏటా ద్రవ్యోల్బణాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి, చెల్లించే నాటి మొత్తాన్ని హెల్త్ కెనడా ప్రకటించిన పట్టికలో చూసుకోవాలి. గంజాయిపై ఎక్సైజ్ సుంకం ఉన్నందున కెనడా రెవెన్యూ ఏజెన్సీ నుంచి మరో లైసెన్స్ కూడా అవసరం. రెండు దరఖాస్తులనూ సమాంతరంగా నడిపితే కాలం కలిసివస్తుంది.

పరిశీలనలో అధికారులు అదనపు వివరాలు అడిగితే గడువులోగా, అడిగిన దానికి మాత్రమే సూటిగా జవాబివ్వాలి. మంజూరైన లైసెన్స్ గరిష్ఠంగా ఐదేళ్లు చెల్లుతుంది. మైక్రో సాగుదారు తన పంటను ఇతర లైసెన్స్‌దారులకు అమ్మవచ్చు గానీ, ప్యాక్ చేసి వినియోగదారుల మార్కెట్‌కు పంపాలంటే ప్రాసెసింగ్ లైసెన్స్ ఉన్నవారి ద్వారానే జరగాలి. ప్రతి నెలా నిల్వల నివేదికను తరువాతి నెల 15వ తేదీలోపు అదే ఆన్‌లైన్ వ్యవస్థలో దాఖలు చేయాలి. బూజు పట్టి పారేసిన పూల బరువు, ధ్వంసం చేసిన తేదీ, పద్ధతి కూడా లెక్కలో నమోదు కావలసిందే.