కర్పూరం మింగిన పిల్లాడికి ఉప్పునీళ్లు పట్టకండి

పిల్లాడు ఏదో మింగాడని తెలియగానే ఇంట్లో ఎవరో ఒకరు గొంతులో వేలు పెట్టి కక్కించాలని చూస్తారు. ఇంకొకరు ఉప్పునీళ్లు కలుపుతారు, మరొకరు చింతపండు పిసుకుతారు. మింగింది ఏదైనా సరే, ఇవేవీ వద్దు.

ఎందుకో కిరసనాయిలు విషయంలో తేలిగ్గా అర్థమవుతుంది. కిరసనాయిలు, పెయింట్ థిన్నర్ కడుపులో ఉన్నంతసేపు చేసే చెరుపు తక్కువే. పల్చగా, సులువుగా జారే సరుకు కాబట్టి కక్కేటప్పుడు గాలిగొట్టంలోకి పోతుంది. ఒక్క మిల్లీలీటరు ఊపిరితిత్తుల్లో పడినా న్యుమోనియా రావచ్చు. పాలు పట్టినా వాంతి అవుతుంది, కాబట్టి అవీ వద్దు. తడిసిన బట్టలు విప్పేసి, ఒంటిని సబ్బుతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దగ్గు లేకపోయినా కనీసం ఆరు గంటలు అక్కడ కనిపెట్టి ఉండాలి. ఇలాంటి కేసుల్లో చాలావాటికి మూలం కూల్‌డ్రింక్ సీసా. థిన్నర్‌నో ఫినాయిల్‌నో అందులో పోసి కిటికీలో పెడితే, దాహమేసిన పిల్లాడికి అది మంచినీళ్లే.

ఇక హారతి కర్పూరం. దేవుడి గూడు నేలకు దగ్గరగా ఉన్న ఇళ్లలో డబ్బా పిల్లల చేతికి సులువుగా అందుతుంది. చూడటానికి అది కలకండ ముక్కలాగే ఉంటుంది. ఒక గ్రాము లోపలే చిన్నపిల్లల ప్రాణం మీదికి తేగలదు. అయిదు నిమిషాల నుంచి గంటన్నర లోపు, ఏ సూచనా లేకుండానే ఫిట్స్ మొదలవుతాయి. అందుకే లక్షణాలు కనిపించేదాకా ఆగకూడదు. నోట్లో మిగిలిన ముక్కలు గుడ్డతో తుడిచేసి, బిడ్డను ఎడమ పక్కకు పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. జలుబుకు కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పసిబిడ్డ ఛాతీకి రాసే అలవాటు కూడా మానాల్సిందే, చర్మం గుండా అది ఒంట్లోకి దిగుతుంది.

బీరువాలో వేసే కలరా ఉండలది వేరే దారి. జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. రెండు మూడు రోజులకు మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది, బిడ్డ పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి. మింగకపోయినా ఇలా జరగవచ్చు. మెత్తగా ఉంటాయని ట్రంకుపెట్టెలోంచి పాత చీరలు తీసి పురిటిబిడ్డకు చుడతారు కదా, ఆ వాసనే చాలు. అలాంటి బట్టలను ముందే ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరేయాలి.

జ్వరం మందులో జరిగే పొరపాటు అంతా కొలతలోనే. పారాసెటమాల్ చుక్కల మందులో సాధారణంగా ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లోనైతే 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125, ఇంకో రకంలో 250. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు, అంటే కిలోకు 15. రోజుకు నాలుగుసార్లు మించకూడదు. సిరప్ చెంచాడు పట్టే అలవాటున్న అమ్మమ్మ చుక్కల మందును కూడా 5 మిల్లీలీటర్ల చెంచాడు పోస్తే 500 పడ్డట్టే. ఒక్కసారితో లివర్ పాడవకపోవచ్చు గానీ, రెండు రోజులు ఆరు గంటలకోసారి అదే కొలత పడితే పాడవుతుంది. మొదటి రోజు వాంతులు, నీరసం తప్ప ఏమీ కనిపించదు, అవి జ్వరం వల్లే అనుకుంటారు. ఒకేసారి కిలోకు 150 మిల్లీగ్రాములు దాటిందని అనుమానం వస్తే వెంటనే బయల్దేరండి. విరుగుడు ఉంది, కానీ ఎనిమిది గంటల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

"ఇప్పుడు బాగానే ఉన్నాడు" అన్న మాటను ఇంకో రెండిటి విషయంలో అస్సలు నమ్మకూడదు. గర్భిణులకు ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పది కిలోల పిల్లాడు పది మాత్రలు మింగితే ప్రాణాపాయమే. ముందు వాంతులు, తర్వాత కొన్ని గంటలు తేరుకున్నట్టు కనిపించడం, ఆ తర్వాత ఒక్కసారిగా దిగజారడం. టూత్‌పేస్టులా ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం ఎలుకల మందూ అంతే, లివర్ మీద దెబ్బ రెండు మూడు రోజులకు గానీ బయటపడదు.

బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. ఏడాది దాటిన బిడ్డయితే, మింగి పన్నెండు గంటలు కాకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె నాకించవచ్చు, ఆరుసార్లు మించకుండా. తేనె కోసం ప్రయాణం మాత్రం ఆపకండి. చేరగానే ముందు ఎక్స్‌రే అడగండి.

వెళ్లేటప్పుడు సీసానో, ట్యూబో, మాత్రల అట్టో చేత్తో పట్టుకెళ్లాలి. అట్టలో ఖాళీ గుంటలు లెక్కపెట్టండి, బిడ్డ బరువు, మింగిన సమయం చీటీ మీద రాసుకోండి. డ్యూటీ డాక్టరు మొదట అడిగేవి ఈ మూడే. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీ పగలూ పలుకుతుంది, దారిలో ఉండగానే అక్కడికి ఫోన్ చేయవచ్చు.