పుట్టినరోజు ఇంటికి రక్తపిశాచి వస్తే: చిన్న కథ ఎలా రాయాలి?

రక్తపిశాచి కథ అనగానే చాలామంది పాడుబడ్డ కోట, శవపేటిక, నల్లకోటు దగ్గర మొదలుపెడతారు. అవేవీ లేకుండానే అంతకన్నా భయపెట్టే చోటు మనింట్లోనే ఉంది. పుట్టినరోజు నాడు వీధి తలుపు తీసే ఉంటుంది. ఇంటి నిండా పిల్లలుంటారు, గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లనీ లోపలికి రమ్మంటాం. పిలవనిదే గడప దాటలేనివాడికి అంతకన్నా మంచి రోజు ఏముంటుంది? కథ బలమంతా ఆ పిలుపులోనే ఉందని నా నమ్మకం. పర్లాకిమిడిని ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. ఒడిశా గజపతి జిల్లాలో మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో తెలుగూ ఒడియా పక్కపక్క వాకిళ్లలో వినిపిస్తాయి. బరంపురం వాళ్లు, మహారాష్ట్ర వైపు సిరొంచ వాళ్లు తమ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు నియమాలు తేల్చుకోండి

రక్తపిశాచి నియమాలు ఎవరూ శిలాశాసనం చేసి పెట్టలేదు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవలలో డ్రాక్యులా పట్టపగలు లండన్ వీధిలో కనిపిస్తాడు. ఎండ తగిలితే చావడమన్నది 1922 నాటి జర్మన్ మూకీ సినిమాతో స్థిరపడింది. కాబట్టి అన్నీ వాడాలని లేదు, చిన్న కథకు రెండు నియమాలు చాలు. ఇంటివాళ్లు పిలవందే లోపలికి రాలేడు, వెల్లుల్లి పడదు. ఈ రెండూ తీసుకుందాం. అద్దంలో కనబడకపోవడం, గబ్బిలంగా మారడం వదిలేయండి.

తర్వాత రోజు ఎంచుకోండి

ఇక్కడ తొందరపడొద్దు. సరైన రోజు దొరికితే సగం కథ అదే నడుస్తుంది.

ఒడియా ఇళ్లలో ప్రథమాష్టమి అని ఒక పండగ ఉంది. కార్తీక పౌర్ణమి తర్వాత ఎనిమిదో రోజు వస్తుంది. ఇంటి పెద్దబిడ్డ ఆయుష్షు కోసం చేస్తారు. మేనమామ ఇంటి నుంచి కొత్తబట్టలు వస్తాయి, పసుపాకుల్లో చుట్టి ఆవిరి మీద ఎండురి పిఠా వండుతారు. మీ కథలో పాప పుట్టినరోజు కూడా ఆ ఏడు అదే రోజు పడిందనుకోండి. తల్లి తెలుగమ్మాయి, ఒడియా కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంది. ఆమెకు అన్నదమ్ములు లేరు. పాపకు మేనమామ బట్టలు తెచ్చేవాళ్లు ఎవరూ లేరన్న వెలితి ప్రతి ఏడూ ఆమెను కుదుపుతూనే ఉంటుంది.

ఇప్పుడు పంచాంగం చూడండి. ఒడియా లెక్కలో పౌర్ణమితో కార్తీకం అయిపోతుంది, మర్నాటి నుంచే చాలా ఇళ్లలో చేపల కూర మొదలు. మన లెక్కలో అమావాస్య దాకా కార్తీకమే. పుట్టింటి అలవాటు వదులుకోలేక ఆమె ఇంకా ఉల్లి, వెల్లుల్లి ముట్టడం లేదు. వీధిలో అన్ని వంటిళ్లలోంచీ వెల్లుల్లి తాలింపు వాసన వస్తోంది, ఈ ఒక్క ఇంట్లోంచి రావడం లేదు. వాడు ఈ ఇంటికే ఎందుకు వచ్చాడో మీరు వేరే వివరించక్కర్లేదు. పైగా బహుళ అష్టమి నాడు చంద్రుడు అర్ధరాత్రి దరిదాపుల్లో గానీ పొడవడు. సాయంత్రం చీకటి మీకు ఉచితంగా దొరికింది.

వచ్చినవాడి వయసు లెక్కగట్టండి

పుట్టినరోజు కథలో వయసే అసలు సంగతి. వాడు ఏ ఏట ఆగిపోయాడో మీకు కచ్చితంగా తెలియాలి, కథలో చెప్పినా చెప్పకపోయినా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని పర్లాకిమిడి అటు కలిసింది. అప్పటికి వారం కిందటే ధాత నామ సంవత్సరం వచ్చింది. ఆ ధాతలో పాతికేళ్లకు ఆగిపోయాడనుకోండి. 1996లో మళ్లీ ధాత వచ్చింది, వాడి ముఖంలో ఒక్క గీత పడలేదు. ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిన మనుషుల ఊళ్లో, ఏళ్లు గడిచినా వయసు కదలనివాణ్ణి నిలబెడుతున్నారు. ఈ పోలికను పాఠకుడికి విప్పి చెప్పకండి.

బదులుగా వాడి నోట ఒక మాట జారనివ్వండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో నేరో గేజ్ రైలు మొదలైంది, ఇప్పుడది బ్రాడ్ గేజ్. ‘ఎలా వచ్చారు మావయ్యా?’ అని పాప అడిగితే ‘చిన్న రైల్లో’ అంటాడు. పాప ఆ రైలును చూసి ఎరగదు. మంచం మీద కూర్చున్న ముసలమ్మ మాత్రం చప్పున తలెత్తుతుంది.

పిలుపు దగ్గర నిదానించండి

గుమ్మం సన్నివేశాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తే కథ పోయినట్టే. ఇలా రాయవచ్చు:

‘ఎవరూ?’

‘మీ అమ్మ వైపు చుట్టమమ్మా. నీకు అన్న వరస అవుతాను. పాపకి బట్టలు తెచ్చాను.’

‘అయ్యో, గుమ్మంలోనే నిలబడిపోయారేటి అన్నయ్యా! రండి, లోపలికి రండి.’

ఆమె భయంతోనో మోసపోయో పిలవలేదు, ఎన్నాళ్లుగానో పిలవాలని ఉండి పిలిచింది. పాఠకుడికి ఆమె మీద జాలి పుడితే తర్వాత భయం దానంతట అదే వస్తుంది.

గడప దాటాక హారతి పళ్లెం వాడుకోండి. పళ్లెంలో పసుపునీళ్లు పోసి, చిటికెడు సున్నం వేలితో అంచున రాసి కలిపితే సున్నం తగిలిన చోటి నుంచి ఎరుపు పాకుతుంది. చూస్తుండగానే పళ్లెమంతా ఎర్రబడుతుంది. దిష్టి తీసి ఆ నీళ్లు బయట పారబోయడం ప్రతి ఇంట్లో చేసేదే. ఈ ఒక్క పని మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. అందరూ పాపను చూస్తుంటే అతను పళ్లెం వైపే చూస్తున్నాడని రాసి ఊరుకోండి. కోరపళ్ల వర్ణన నాకైతే ఎప్పుడూ అనవసరమే అనిపిస్తుంది.

మాటలు ఊరివిగా ఉండాలి

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అలాంటి ఊరి కథలో మనుషులు డబ్బింగు సినిమాలా మాట్లాడితే మనసొప్పదు. ‘ఓ చీకటి ప్రభూ’ లాంటివి కొట్టేయండి. పాప తండ్రితో ఒడియాలో, తల్లితో తెలుగులో మాట్లాడుతుందని ఒక వాక్యంలో చెబితే చాలు.

ముగింపు, దిద్దుబాటు

రక్తపిశాచిని చంపకండి. చంపితే అది పోరాట కథ అవుతుంది. సెలవు తీసుకుంటూ ‘వచ్చే ఏడు కూడా వస్తాను’ అంటాడు, తల్లి సంతోషంగా తలూపుతుంది. ఒకసారి పిలిచిన ఇంటికి మళ్లీ పిలుపు అక్కర్లేదన్న నియమాన్ని ముసలమ్మ చేత కథ మొదట్లోనే పాపకు చెప్పించి ఉంటే, అక్కడితో ఆపేయవచ్చు.

రాసింది రెండు రోజులు పక్కన పెట్టి గట్టిగా చదవండి. ‘రక్తం’ అన్న మాట ఒక్కసారి కన్నా ఎక్కువ ఉంటే తీసేయండి. కథ ఒకే సాయంత్రంలో, ఒకే ఇంట్లో ముగిసిందో లేదో చూసుకోండి. పిఠా, ప్రథమాష్టమి ఉన్న భాగాలు ఒడియా స్నేహితులకు చదివి వినిపించి, వాళ్లు చెప్పిన తప్పులు దిద్దాకే పత్రికకు పంపండి.