నాజీ కాలపు కథను పిల్లవాడి నోట చెప్పించడం ఎలా

హిట్లర్ కాలపు జర్మనీ కథను పిల్లవాడి నోట చెప్పించాలనుకునేవాళ్ళలో చాలామంది, వాడికి ఏమీ తెలియదన్న నమ్మకంతో కలం పడతారు. కథ చెడేది అక్కడే. 1938లో తొమ్మిదేళ్ళున్న జర్మన్ పిల్లవాడికి యూదుల గురించి బోలెడంత ‘తెలుసు’. బడిలో చెప్పారు, బొమ్మల పుస్తకాల్లో చూపించారు, ఇంట్లో అన్నం దగ్గర మాట్లాడుకున్నారు. తనకు చెప్పినదాన్ని నమ్మడమే వాడి అమాయకత్వం. ఈ సంగతి పట్టుకుంటే మిగతా పని తేలికవుతుంది.

ముందు పుట్టిన సంవత్సరం

కథలో ఎక్కడా రాకపోయినా సరే, పిల్లవాడు ఎప్పుడు ఎక్కడ పుట్టాడో కాగితం మీద రాసుకోండి. 1929 వేసవిలో బెర్లిన్‌లో పుట్టాడనుకుందాం. 1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కే నాటికి వాడికి మూడున్నరేళ్ళు. హిట్లర్ లేని దేశం వాడికి జ్ఞాపకమే లేదు. 1935 సెప్టెంబరులో, న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వాన్ని లాగేసుకునేసరికి వాడు ఆరేళ్ళవాడు. 1938 నవంబరు 9 రాత్రి యూదుల ప్రార్థనాలయాలు తగలబెట్టి, దుకాణాల అద్దాలు పగలగొట్టినప్పుడు తొమ్మిది. బెర్లిన్ యూదుల్ని రైళ్ళలో తూర్పుకు తరలించడం మొదలైన 1941 అక్టోబరు నాటికి పన్నెండు నిండాయి.

ఆ పన్నెండేళ్ళవాడి చేత “అమ్మా, యూదులంటే ఎవరు?” అని అడిగించారంటే తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. పదేళ్ళు దాటిన పిల్లలు హిట్లర్ యువజన సంఘంలో చేరడం 1939 మార్చి నుంచి నిర్బంధం. ఆ వయసువాడికి సమాధానాలు ముందే కంఠస్థం అయి ఉంటాయి. ఆ ప్రశ్న మీ కథకు తప్పనిసరైతే పిల్లవాణ్ణి ఐదేళ్ళవాణ్ణి చెయ్యండి, కథను వెనక్కి జరపండి.

పక్కనే రెండో వరస గీసి, అదే మేడలో పై అంతస్తులో ఉండే యూదు పిల్ల కాలక్రమం రాయండి. 1938 నవంబరు 12న సినిమా హాలు బంద్. 15న జర్మన్ బడిలోంచి వెళ్ళగొట్టారు. 1939 సెప్టెంబరులో ఇంట్లో రేడియో పోయింది. 1940 జులై నుంచి బెర్లిన్ యూదులు సరుకులు కొనుక్కునేది సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా, ఆ ఒక్క గంటే. 1941 సెప్టెంబరు 19 నుంచి ఆరేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఎడమ రొమ్ము మీద, యూదులని చూడగానే తెలిసేలా, అరచేయంత పసుపు నక్షత్రం. పిన్నుతో తగిలిస్తే కుదరదు, కుట్టుకోవాలి. 1942 మేలో కుక్కలు, పిల్లులు, పంజరంలో పిట్టలు కూడా ఉండకూడదన్నారు. ఇవన్నీ కథలో కుక్కకండి. మూడు చాలు, కానీ ఆ మూడూ పిల్లల చేతికి అందేవి కావాలి. చట్టం పేరు రాస్తే పాఠం అవుతుంది. ఖాళీ పంజరం చూపిస్తే కథ అవుతుంది.

ద్వేషం పాఠంలా వస్తుంది

దుర్మార్గుడైన మాస్టారొకడు బల్ల గుద్ది యూదుల్ని తిట్టే దృశ్యం రాయడం సులువు. అసలు పని అంతకన్నా నెమ్మదిగా జరిగింది. ఆ కాలపు లెక్కల పుస్తకంలో ఇలాంటి లెక్క ఉండేది: మానసిక రోగుల ఆసుపత్రి కట్టడానికి 60 లక్షల మార్కులు (అప్పటి జర్మన్ డబ్బు) అవుతుంది, ఇల్లు ఒక్కోటి 15,000 మార్కులైతే ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ళు కట్టవచ్చు? జవాబు 400. మీ పిల్లవాడు భాగహారం తప్పు లేకుండా చేస్తాడు, మాస్టారు మెచ్చుకుంటారు, వాడు సంబరంగా ఇంటికొస్తాడు. రోగులు దండగ అన్న మాట ఎవరూ అనలేదు, అయినా వాడిలో దిగిపోయింది. 1940లో అలాంటి రోగుల్ని గ్యాస్ పెట్టి చంపుతున్నప్పుడు ఆ 400 పాఠకుడి చెవిలో మోగాలి. మీరు మళ్ళీ గుర్తు చెయ్యకూడదు.

1938లో న్యూరెంబర్గ్‌లో, యూదుల మీద ద్వేషం ప్రచారం చేసిన నాజీ నాయకుడు యూలియస్ స్ట్రైషర్ సంస్థ అచ్చువేసిన ‘విషపు పుట్టగొడుగు’ అనే పిల్లల పుస్తకంలోనూ ఇదే పద్ధతి. అడవిలో తల్లి కొడుక్కి పుట్టగొడుగులు చూపిస్తూ మంచిదేదో చెడ్డదేదో చెబుతుంది, ఆ వెంటనే మనుషుల్లోనూ అంతే అంటుంది. అమ్మ గొంతులో ప్రేమ ఉంది. ఉగ్గుపాలతో కలిపి పోసినదాన్ని పిల్లవాడు ఉమ్మెయ్యలేడు. కాబట్టి ద్వేషపు మాటల్ని కథలో ఎక్కువగా మంచివాళ్ళ నోటే పెట్టండి: తల్లి, అమ్మమ్మ, పాట నేర్పే టీచరు.

తెలుగులో మనకున్న పరికరాలు

చివర చేర్చే ‘ట’ ఈ కథకు చాలా పనికొస్తుంది. ఏడేళ్ళప్పుడు పిల్లవాడు “వాళ్ళు తూకంలో మోసం చేస్తారట” అంటాడు. ఎక్కడో విన్నాడని, ఇంకా వాడిది కాలేదని ఆ ఒక్క అక్షరం చెబుతుంది. పదేళ్ళకు “వాళ్ళు మోసం చేస్తారు” అంటాడు. ‘ట’ రాలిపోయిన చోటే దురభిప్రాయం జ్ఞానమైపోయింది. ఈ మార్పు కథ మొత్తంలో ఒక్కసారే, ఏ గొడవా లేని వాక్యంలో రావాలి. చిత్తుప్రతిలో ‘ట’ ఉన్న మాటలన్నిటికీ గీత గీసి, ఎక్కడ పోయిందో చూసుకోండి.

రెండోది గౌరవవాచకం. జ్వరమొస్తే చూసే యూదు వైద్యుణ్ణి మొదట “డాక్టరుగారు” అంటారు. 1938 సెప్టెంబరు 30తో యూదు వైద్యుల లైసెన్సులు రద్దయ్యాయి. అనుమతి దొరికిన కొద్దిమంది కూడా యూదులకే వైద్యం చెయ్యాలి, డాక్టరు అని చెప్పుకోకూడదు. కథలో ఇంట్లోవాళ్ళు “ఆ యూదు డాక్టరు” అంటారు, తర్వాత “వాడు”. పిల్లవాడు ఏ రోజు “గారు” మానేశాడో మీకు తెలిసుండాలి. “వాళ్ళతో నీకెందుకురా” అనే గొంతు తెలుగు ఇళ్ళలోనూ వినిపించేదే, మన చెవికి దాని స్వరం తెలుసు. ఆ స్వరం తెచ్చుకోండి గానీ మన కులాల్ని తీసుకెళ్ళి బెర్లిన్‌లో పెట్టకండి. అక్కడి చట్టం తాతల మతాన్ని లెక్కగట్టి మనిషిని నిర్ణయించింది, ఆ తీరు వేరు.

పిల్లవాడు పెద్ద మాటల్ని తప్పుగా పలికే చమత్కారం వద్దు. జర్మన్ పిల్లవాడికి అవి తల్లిభాష మాటలు, రోజూ రేడియోలో వినేవి. వాణ్ణి మోసం చేసేవి తేట మాటలే: “తూర్పుకు పంపారు”, “ఇల్లు ఖాళీ అయింది”.

స్నేహం ఎక్కడ, ఎంతవరకు

నిర్బంధ శిబిరం కంచె దగ్గర ఇద్దరు పిల్లలు రోజూ కూర్చుని కబుర్లు చెప్పుకున్నట్టు రాయకండి. యూదుల్ని లక్షల్లో చంపిన ఆష్విట్జ్ శిబిరం కంచెలో కరెంటు ప్రవహించేది, పైన కావలి బురుజులు. రైలు దిగిన యూదు పిల్లల్లో అత్యధికుల్ని ఆ రోజే గ్యాస్ గదులకు పంపేశారు; కంచె దగ్గర ఖాళీగా కూర్చునే బాల్యం వాళ్ళకు మిగల్లేదు. ఆ దృశ్యం రాస్తే ఆ హత్యలే కథలోంచి మాయమవుతాయి. స్నేహం మేడమెట్ల మీద పెట్టండి, 1938కి ముందు ఒకే బడి బెంచీ మీద పెట్టండి. తెగిపోయేది కూడా అక్కడే, ఒక పిల్లవాడు మెట్ల మీద తల తిప్పుకుని పోయినప్పుడు.

యూదు పిల్లను దేవతను చెయ్యకండి. గోళీలాటలో తొండి ఆడనివ్వండి, అరువు తెచ్చిన పెన్సిలు ఎగ్గొట్టనివ్వండి, కోపం రానివ్వండి. ఆమెకు సొంత పేరు, సొంత కోరిక ఉండాలి. జర్మన్ పిల్లవాడి మనసు కరిగించడమే ఆమె పనిగా మిగలకూడదు. చాలా కథల్లో ముగింపు చెడేది ఇందుకే: ఆపద జర్మన్ పిల్లవాడి మీదికి పోతుంది, పాఠకుడు వాడికోసం ఏడుస్తాడు. సుమారు 15 లక్షలమంది యూదు పిల్లల్ని చంపిన చరిత్ర ఇది. కథ చదివినవాళ్ళను, చివరికి ఎవరి పేరు గుర్తుందో అడగండి. జర్మన్ పిల్లవాడి పేరు ఒక్కటే చెబితే రెండో సగం మళ్ళీ రాయండి.

దిద్దేటప్పుడు ‘పాపం’, ‘అమాయకంగా’, ‘బోసినవ్వు’ లాంటి మాటలు కొట్టెయ్యండి. పిల్లవాడు తన గురించి ఆ మాటలు అనుకోడు. చివర్లో వాడికి హఠాత్తుగా జ్ఞానోదయం కలిగించకండి. తరలించిన యూదుల ఇంటి సామాన్లు జర్మన్ నగరాల్లో వేలం వేసి ఇరుగుపొరుగుకు అమ్మారు. మీ కథ చివర వంటింట్లోకి కొత్త అలమారా ఒకటి వస్తుంది. అమ్మ సంతోషంగా తుడుస్తుంటుంది. పిల్లవాడు కింది అర తలుపు లోపల, పెన్సిలుతో గీసిన ఎత్తు గుర్తులు చూస్తాడు. పై గుర్తు పక్కన ఆమె పేరు ఉంటుంది. వాడు వీపు ఆనించి నిలబడి, తన ఎత్తు కొలుచుకుంటాడు.