ఊళ్లోని పాత సున్నం కట్టడాన్ని కమిటీ వేసుకుని కాపాడుకోవడం ఎలా?

నూరేళ్లు దాటిన సత్రమో, దొరల గడో, కమానో, మెట్లబావో లేని ఊరు మన దగ్గర అరుదు. వాటిలో పురావస్తు శాఖ జాబితాకెక్కినవి కొన్నే. మిగతావాటి మంచిచెడ్డలు ఊరివాళ్లే చూసుకోవాలి. ఊరివాళ్లు పూనుకున్నప్పుడు సాధారణంగా జరిగేది ఇదీ: చందాలు వేసుకుంటారు, పది బస్తాల సిమెంటు తెస్తారు, గోడలు నున్నగా మెత్తి పైన ఎమల్షన్ రంగు కొట్టిస్తారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ పెచ్చులు పాత ఇటుకను కూడా వెంటబెట్టుకుని ఊడిపడతాయి. అందుకే కింద చెప్పే వరుసలో తాపీ చాలా వెనక వస్తుంది. మొదటి ఆరు నెలలు టేపు, కెమెరా, దస్తరం, చీపురు... ఇవే కమిటీ పనిముట్లు.

1. కమిటీలో ఎవరుండాలి?

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సొసైటీ పెట్టడానికి కనీసం ఏడుగురు కావాలి. తొమ్మిది మంది ఉంటే సౌకర్యం. పలుకుబడి చూసి కాక పని చూసి పిలవండి. సున్నం పని చేసిన పెద్ద వయసు మేస్త్రీ, ఒక వడ్రంగి, పాత పహాణీలు (భూమి రికార్డులు) చదవగల రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి, లెక్కలు రాసే మనిషి, ఫొటోలు తీసే కుర్రాళ్లు ఇద్దరు తప్పనిసరి. కట్టడంలో ఇప్పుడు ఉంటున్నవారో, వాడుకుంటున్నవారో ఒకరు ఉండాలి. ఆ ఒక్కరిని మరిచిపోయిన కమిటీలు ఎక్కువ. తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది.

బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. ప్రతి సమావేశానికీ మినిట్స్ పుస్తకం ఉండాలి. కట్టడం గడి అయితే ఇంకో సంగతి. అక్కడ వెట్టి చేసిన కుటుంబాలు ఊళ్లోనే ఉంటాయి, వాళ్లకు ఆ గోడల మీద ప్రేమ ఉండాలని లేదు. వాళ్లను కూర్చోబెట్టి అడిగి, చెప్పింది చెప్పినట్టు దస్తరంలో రాసుకోండి. కట్టడం చరిత్రలో అదీ భాగమే. పైగా, పని సగంలో ఉండగా తలెత్తే గొడవలు చాలావరకు ముందే తేలిపోతాయి.

2. ఎవరిదో తేల్చుకోండి

కాగితాలు తేలకుండా ఇటుక ముట్టుకోవద్దు. గ్రామకంఠంలో ఉందా, పట్టా భూమిలో ఉందా, దేవాదాయ శాఖదా, వక్ఫ్‌దా అన్నది తహసీల్దారు కార్యాలయంలో, పంచాయతీ ఆస్తి రిజిస్టరులో చూడండి. దొరక్కపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ప్రైవేటు ఆస్తి అయితే అసలు చిక్కు వారసులతో వస్తుంది. తాతగారి బంగళాకు డజను మంది హక్కుదారులుంటారు, అందులో సగం మంది పట్నాల్లోనో విదేశాల్లోనో ఉంటారు. ఒక్కరి నోటిమాట నమ్మి పని మొదలుపెడితే రెండో నెలలో లాయరు నోటీసు వస్తుంది. అందరి నుంచీ రాతపూర్వక ఒప్పుకోలు తీసుకోండి. కమిటీ మరమ్మతు చేసినంత మాత్రాన హక్కు కోరదని అందులోనే రాయండి.

రక్షిత కట్టడం అవునో కాదో కూడా ఇప్పుడే చూడాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే, 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ వంద మీటర్లలో ఉన్న ఇంటి మరమ్మతుకైనా అనుమతి కావాలి. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. రాష్ట్ర జాబితాలో ఉన్నవాటికి తెలంగాణలో 2017 వారసత్వ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం వర్తిస్తాయి. ఇలాంటి చోట కమిటీ తాపీ పట్టకూడదు. చెత్త తీయడం, కాపలా కాయడం, ఫిర్యాదు రాయడం వరకే.

జాబితాలో లేకపోతే దారే లేదని కాదు. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాలను కాపాడుతూ వచ్చిన 13వ రెగ్యులేషన్‌ను 2015లో ఎత్తేశారు. అయినా ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అలాంటి రోజు మీకూ వస్తే కోర్టు ముందు పెట్టడానికి కాగితం ఉండాలి. అందుకే తరవాతి మెట్టు.

3. కొలవండి, ఫొటోలు తీయండి, పగుళ్లను కనిపెట్టండి

30 మీటర్ల టేపు, ఒక దిక్సూచి, పది సెంటీమీటర్లకోసారి నలుపు తెలుపు రంగు వేసిన మీటరు కర్ర చాలు. ప్రతి గదికి నాలుగు గోడలతో పాటు రెండు కర్ణాలూ, అంటే ఎదురెదురు మూలల మధ్య దూరాలు, కొలవండి. అవి లేకపోతే గది చదరమో వంకరో కాగితం మీద తేలదు. బయట నాలుగు దిక్కులు, లోపల ప్రతి గది నాలుగు మూలల నుంచి, పైకప్పు, నేల, ప్రతి పగులు... అన్నిటికీ ఫొటో ఉండాలి. ప్రతి ఫొటోలో మీటరు కర్ర కనపడాలి.

పగులు కనపడగానే పూడ్చేయాలనిపిస్తుంది. ఆగండి. అది ఎప్పటిదో పాతదా, ఇంకా కదులుతోందా అన్నది ముందు తెలియాలి. దీనికి గాజు ముక్క పద్ధతి ఉంది. పదిహేను సెంటీమీటర్ల పొడవు, రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న పలచటి గాజు పట్టీ తీసుకోండి. పగులు దగ్గర పూత గీకి, ఇటుక కనిపించేలా చేయండి. పట్టీని పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో ఇటుకకు అతికించండి. పక్కనే తేదీ రాయండి. పూత మీదే అతికిస్తే పూత కదిలినా గాజు విరుగుతుంది, అప్పుడది చెప్పేది అబద్ధం. గాజు విరిగిందంటే గోడ కదులుతున్నట్టు. ఎంత కదిలిందో తెలియాలంటే పగులుకు అటూ ఇటూ రెండు మేకులు దిగ్గొట్టి, బడి లేబొరేటరీలోని వెర్నియర్ కాలిపర్‌తో నెలనెలా దూరం కొలవండి. ఏడాది పొడుగునా కొలవాలి. నల్లరేగడి మీద కట్టినవాటిలో ఎండాకాలం నోరు తెరిచి వానాకాలం మూసుకునే పగుళ్లుంటాయి. మేలో చూసి భయపడి గట్టిగా పూడ్చేస్తే, ఆగస్టులో నేల ఉబ్బి గోడ మూసుకోబోయినప్పుడు ఆ పూడిక అడ్డుపడి పక్కన కొత్త పగులు పుడుతుంది.

ఏడాది ఆగలేనంత ప్రమాదంగా ఉంటే, అంటే గోడ కడుపు ఉబ్బితే, దూలం కొస చివికితే, కింద సరుగుడు బాదులతో ఆసరా పెట్టి, తాడు కట్టి, జనాన్ని రానివ్వకండి. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాల్సింది ఇక్కడే. సున్నం కట్టడాలు చూసిన ఇంజినీరు అయితేనే. కాంక్రీటు తప్ప తెలియనివారు మొదటి మాటగా ‘కూల్చేయండి’ అంటారు.

4. నీళ్లను బయటికి పంపండి

కమిటీ ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయాలి. వాన పడుతుండగా గొడుగు వేసుకుని కట్టడం చుట్టూ తిరగండి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎక్కడ గోడ మీదుగా కారుతున్నాయో అప్పుడే కనపడుతుంది. మిద్దె మీది ఆకులు, మట్టి ఎత్తేసి తూములు తెరవడానికి నలుగురికి ఒక పూట చాలు.

నేల దగ్గరి సంగతి ఎవరూ పట్టించుకోరు. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా పైనే పోస్తారు. మూడుసార్లు వేసేసరికి వీధి, సత్రం అరుగు కన్నా ఎత్తవుతుంది. వీధి నీళ్లన్నీ గోడ మొదట్లోకి చేరతాయి. అక్కడి నుంచి తడి మూడు నాలుగు అడుగులు పైకి పాకుతుంది. అది చూసి లోపలి గోడకు టైల్స్ అతికిస్తే తడి ఆగదు. టైల్స్ దాటి ఇంకా పైకెక్కుతుంది. గోడను ఆనుకుని రెండడుగుల వెడల్పున మట్టి తీసి, నీళ్లు బయటికి జారేలా వాలు ఇచ్చి, కంకర నింపిన కాలువ తీయండి. పునాది అట్టడుగు కన్నా లోతుకు తవ్వకూడదు.

గోడల్లో మొలిచిన రావి, జువ్వి మొక్కల విషయం: వేలెడు లావు లోపైతే వానకు తడిసిన రోజున వేరుతో సహా వస్తాయి. అంతకన్నా లావైతే లాగకండి. వేరుతో పాటు రాళ్లూ వస్తాయి. కాండం కోసి, మోడుకు చుట్టూ బెరడు ఒలిచి, చిగురు వేసినప్పుడల్లా గిల్లుతూ చావనివ్వండి. వేరు ఎండాక ఆ వరస రాళ్లు నంబర్లు వేసి విప్పి, వేరు తీసి, మళ్లీ అవే రాళ్లు పేర్చాలి. యాసిడ్ పోస్తే మొక్క కన్నా ముందు సున్నం చస్తుంది.

5. సున్నం పని

ముందు పాత సున్నంలో ఏముందో చూడాలి. రాలిపడిన పెచ్చు దంచి, ఎండబెట్టి, 100 గ్రాములు తూచండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను మూడింతల నీళ్లలో కలిపి (యాసిడ్‌నే నీళ్లలో పోయాలి), ఆరుబయట, గ్లవ్స్ వేసుకుని ఆ పొడి మీద కొద్దికొద్దిగా పోయండి. సున్నం బుసబుస పొంగి కరిగిపోతుంది. పొంగు ఆగాక మిగిలింది కడిగి ఆరబెట్టి తూస్తే 62 గ్రాములు వచ్చిందనుకుందాం. పోయిన 38 గ్రాములను 0.74తో గుణిస్తే 28. అంటే తూకంలో 28 పాళ్ల సున్నానికి 62 పాళ్ల ఇసుక. మేస్త్రీ తట్టల్లో కొలుస్తాడు. సున్నం పొడి ఇసుక కన్నా చాలా తేలిక కాబట్టి తట్టల లెక్కలో సున్నం వాటా దాదాపు సమానం దాకా వస్తుంది. మిగిలినదాంట్లో ఎర్రపొడి ఉంటే అది సురికి, అంటే ఇటుక పొడి. సముద్రతీర ఊళ్లలో ఇసుకలోనే గవ్వల నలుసులుంటాయి. అవీ కరిగి లెక్క తప్పుతుంది.

కాల్చిన సున్నం గడ్డల రూపంలోనే కొనండి. పల్నాడులో పిడుగురాళ్ల బట్టీలది ఎక్కువగా దొరుకుతుంది. సంచి విప్పేసరికి పొడిగా ఉంటే గాలికే చచ్చిందన్నమాట, వెనక్కి పంపండి. ఒక గడ్డను బొచ్చెలో నీళ్లలో వేస్తే కాసేపట్లోనే సెగలు కక్కుతూ విచ్చుకోవాలి.

ఇనప డ్రమ్ములో మూడు పాళ్ల నీళ్లు పోసి, ఒక పాలు సున్నం గడ్డలు కొంచెంకొంచెంగా వేస్తూ పొడవాటి కర్రతో తిప్పాలి. సున్నం మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి ఆగదు. కళ్లజోడు లేనివారిని దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా నీళ్లతో కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చల్లారాక సన్నజల్లెడలో వడకట్టి, గుంతలో పోసి, పైన రెండంగుళాల నీళ్లు నిలిచేలా ఉంచండి. కనీసం మూడు వారాలు. తొందరపడితే ఉడకని నలుసులు పూతలో ఉండిపోయి, నెలల తరవాత ఉబ్బి పైపెంకును ఎగరగొడతాయి. గోడంతా అమ్మవారు పోసినట్టు గుంటలు పడతాయి.

పూతకు మామూలుగా నడిచే పాళ్లు: నానిన సున్నం 1, సురికి 1, ఇసుక 1. పాత పెచ్చులో వచ్చిన లెక్కను బట్టి సవరించుకోండి. సురికికి ఓ మోస్తరుగా కాలిన ఇటుకే కావాలి. మాడి నల్లబడినది దంచితే ఉత్త ఇసుకలా పడి ఉంటుంది. గానుగలో రుబ్బితే మేలు, లేకపోతే రోలర్ మిక్సర్. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ల కొలత ప్రాంతానికొకటి, మేస్త్రీకొకటి. ఎవరి మాటా గుడ్డిగా నమ్మక, రెండు మూడు పాళ్లలో కలిపి మరుగున ఉన్న గోడ మీద అడుగు చదరం నమూనాలు వేసి నెల రోజులు చూడండి. పగిలింది, గోరుతో గీకితే పొడి రాలింది పక్కన పెట్టండి.

వేసే ముందు సందుల్లోని చచ్చిన సున్నాన్ని ఒక అంగుళం లోతు గీకి, దుమ్ము దులిపి, ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి గోడ తడపాలి. ఒక్కో పూత 10-12 మిల్లీమీటర్లు మించకూడదు. మందంగా ఒకేసారి వేస్తే పైపొర బిగిసి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తడి గోనెపట్టాలు కప్పి రెండు వారాలు తడుపుతూనే ఉండండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అనువైన కాలం. ఏప్రిల్ ఎండలో వేసిన పూత పొడిబారి చేతికంటుతుంది.

పైన సున్నమే వేయాలి, పాలలా పలచగా, బట్టలో వడకట్టి, నాలుగైదు చేతులు. ప్లాస్టిక్ రంగు గోడ లోపలి తడిని బయటికి రానివ్వదు. రాతి స్తంభాల మీది పాత రంగు వదిలించడానికి శాండ్ బ్లాస్టింగ్ వాళ్లొస్తే గుమ్మం దగ్గరే ఆపండి. రంగుతో పాటు ఉలి గీతలూ పోతాయి. పాత సిమెంటు పూత గట్టిగా పట్టుకుని ఉంటే పగలగొట్టొద్దు, ఇటుక ముఖం ఊడొస్తుంది. డొల్లగా మోగే చోటే తీయండి.

6. డబ్బు, కాపలా, క్యాలెండరు

కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఉంది కాబట్టి సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు అడగవచ్చు. సొసైటీకి ఆదాయపు పన్ను మినహాయింపు నమోదులు, సీఎస్ఆర్ నిధులు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 నమోదు ముందే ఉంటే చర్చ సాఫీగా సాగుతుంది. ఎస్టిమేటు ఎప్పుడూ చదరపు అడుగుల్లో, పనిదినాల్లో వేయండి. ‘మొత్తం మరమ్మతులు’ అని ఒకే అంకె రాస్తే ఎవరూ నమ్మరు. చూపించడానికి మన దగ్గరే ఉదాహరణలున్నాయి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోట, గోల్కొండ మెట్లబావులు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాలు అందుకున్నాయి.

గుప్తనిధుల వాళ్లను తేలిగ్గా తీసుకోకండి. గర్భగుడి పక్కన, గడప కింద కొత్తగా తవ్విన మట్టి, నిమ్మకాయలు కనపడితే అదే రోజు పోలీసులకు రాతపూర్వకంగా చెప్పండి. పనిలో మీకే నాణేలో, శాసనమో, విగ్రహమో దొరికితే అక్కడే ఆపి, ఫొటో తీసి, తహసీల్దారుకు తెలపండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పి తీరాలి.

పని అయ్యాక ఏటా ఇవి చాలు. మే నెలలో మిద్దె ఊడ్చి తూములు తెరవాలి. తొలి పెద్దవానకు గొడుగుతో చుట్టూ తిరగాలి. అక్టోబరులో మొక్కలు పీకాలి. జనవరిలో పాత ఫొటోలు చేతబట్టుకుని అదే చోట నిలబడి మళ్లీ తీయాలి. ఏ నెల ఎవరి వంతో మినిట్స్ పుస్తకంలో పేరుతో రాసి, మిద్దె తాళంచెవి ఆ మనిషి చేతికివ్వండి.