సెషన్స్ కోర్టు తుది వాదనలో ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు

సెషన్స్ కేసులో సాక్షుల విచారణ ముగిశాక ముందు పబ్లిక్ ప్రాసిక్యూటరు, తరువాత ముద్దాయి తరఫు న్యాయవాది తుది వాదన వినిపిస్తారు. మన కోర్టుల్లో జ్యూరీ లేదు. విని, కారణాలతో తీర్పు రాసేది జడ్జియే కనుక, రికార్డులో చోటు చూపలేని మాట ఎంత బాగా పలికినా తీర్పులోకి చేరదు. అందువల్ల వాదన సిద్ధం చేసుకునేటప్పుడే ప్రతి అంశం పక్కన సాక్షి నంబరును, వాంగ్మూలం పేజీని, ఎగ్జిబిట్ (రుజువుగా దాఖలైన పత్రం లేదా వస్తువు) నంబరును రాసి పెట్టుకోవాలి.

రికార్డు నుంచి సహేతుకమైన అనుమితి చేయడానికి పూర్తి స్వేచ్ఛ ఉంది. రాత్రిపూట ముద్దాయిని గుర్తుపట్టానని పీడబ్ల్యూ-2 (ప్రాసిక్యూషన్ రెండో సాక్షి) చెప్పినప్పుడు, ఘటనా స్థల పంచనామాలో దీపం ప్రస్తావనే లేదని చూపి ఆ గుర్తింపును శంకించవచ్చు. అయితే "ఆ వీధిలో దీపాలు వెలగవు, నేను అటే వెళ్తుంటాను" అనడం వాదన కాదు, ప్రమాణం చేయని సాక్ష్యం. "మా ముద్దాయి నిర్దోషి అని నా నమ్మకం" అన్నదీ అంతే.

జూనియర్లు ఎక్కువగా తడబడేది పోలీసులు నమోదు చేసిన వాంగ్మూలాల దగ్గర. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే విధానం చెప్పే చట్టం) 181వ సెక్షన్ ప్రకారం ప్రాసిక్యూషన్ సాక్షి పోలీసులకు చెప్పిన మాట ప్రధానంగా అతని కోర్టు సాక్ష్యంతో వైరుధ్యం చూపడానికే పనికివస్తుంది. అదీ ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించే క్రాస్‌లో ఆ భాగాన్ని సాక్షి దృష్టికి తెచ్చి, అతడు కాదంటే దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేసినప్పుడే. ఈ పని క్రాస్‌లో చేయకుండా, తుది వాదనలో కేస్ డైరీ (పోలీసుల దర్యాప్తు రికార్డు) కాగితం తీసి చదివితే అవతలి పక్షం అభ్యంతరం చెబుతుంది, చెప్పాలి కూడా. న్యాయవాది అవునా అని అడిగితే సాక్షి కాదన్న సజెషన్‌ను సాక్ష్యంగా చూపడం ఇంకా పెద్ద పొరపాటు.

ప్రాసిక్యూటరుపై అదనపు హద్దులున్నాయి. ముద్దాయి బోనెక్కి సాక్ష్యం ఇవ్వలేదని వ్యాఖ్యానించడాన్ని అదే సంహిత 353వ సెక్షన్ నిషేధిస్తుంది. జడ్జి ముద్దాయిని ప్రశ్నించే విచారణలో అతని ముందు పెట్టని పరిస్థితిని అతనికి వ్యతిరేకంగా వాడరాదని శరద్ బిర్దిచంద్ సర్దా కేసులో (1984) సుప్రీంకోర్టు చెప్పింది. "చేసి ఉండవచ్చు" అన్నదానికీ "చేసే ఉండాలి" అన్నదానికీ మధ్య దూరం చాలా ఉందని శివాజీ సహబ్‌రావ్ బోబడే కేసులో (1973) గుర్తుచేసింది; ఆ దూరాన్ని ఆవేశంతో పూడ్చకూడదు. డిఫెన్సు న్యాయవాదికీ గీత ఉంది: లైంగిక నేరాల కేసుల్లో సమ్మతి తేల్చడానికి బాధితురాలి గత లైంగిక అనుభవాన్ని ఎత్తడం భారతీయ సాక్ష్య అధినియమం 48వ సెక్షన్ ప్రకారం అసంగతం.

తీర్పులను ఉటంకించేటప్పుడు, తరువాత కొట్టివేయబడినదాన్ని తెలిసి చూపడం కోర్టును తప్పుదారి పట్టించడమే. లిఖిత వాదన ఇవ్వదలిస్తే మౌఖిక వాదన ముగిసేలోపే, విడివిడి శీర్షికలతో దాఖలు చేసి, ప్రతిని అదే సమయంలో ఎదుటి పక్షానికి అందించాలి. దానికోసం వాయిదా కావాలంటే జడ్జి కారణాలు నమోదు చేయవలసి ఉంటుంది.