క్రోనోస్ క్వార్టెట్‌ని ఎక్కడినుంచి వినడం మొదలుపెట్టాలి?

రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్‌కన్నా కాస్త పెద్దది, గొంతు కాస్త మందం), ఒక చెల్లో (ఇంకా పెద్దది, గొంతు ఇంకా మందం). ఈ నాలుగు వాయిద్యాలతోనే శాన్‌ఫ్రాన్సిస్కో బృందం క్రోనోస్ క్వార్టెట్ యాభై ఏళ్లుగా ఈ కాలపు స్వరకర్తల చేత కొత్త రచనలు రాయించుకుని వాయిస్తోంది. అలా రాయించినవి వెయ్యి దాటాయి. అందులో ఏదో ఒకటి నొక్కి, తీగల మీద గీకుతున్నట్టుందని రెండో నిమిషంలోనే ఆపేసేవాళ్లు చాలామంది. తప్పు చెవిది కాదు, మొదలుపెట్టిన చోటుది. అందుకే ఈ వరసలో విని చూడండి.

ముందు తెలిసిన పాటలు. 2005లో వీళ్లు ఆశా భోస్లేతో ఆర్.డి. బర్మన్ పాటల ఆల్బమ్ చేశారు. ‘చురాలియా’ ఎలాగూ మనకు నోటికి వచ్చు కాబట్టి పాటని వదిలేసి, వెనకాల తీగలు ఏం చేస్తున్నాయో గమనించండి.

తర్వాత అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1988లో వీళ్ల కోసం రాసిన ‘డిఫరెంట్ ట్రైన్స్’. సుమారు 27 నిమిషాలు, హెడ్‌ఫోన్స్ ఉంటే మంచిది. చిన్నప్పుడు అమ్మ ఒక ఊళ్లో నాన్న ఒక ఊళ్లో ఉండటంతో రైష్ న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ మధ్య రైళ్లలో తిరిగేవాడు, అదే సమయంలో యూరప్‌లో ఉండుంటే యూదుడిగా తను ఎక్కాల్సిన రైళ్లు వేరే (నాజీల శిబిరాలకు వెళ్లేవి) అన్న ఆలోచనలోంచి వచ్చిందిది. రైలు కూతలు, మనుషుల మాటల రికార్డింగులు మధ్యమధ్యలో వస్తుంటాయి. ఆడగొంతు వస్తే వయోలాని, మగగొంతు వస్తే చెల్లోని పట్టుకోండి. ఆ మాటలోని ఎత్తుపల్లాలనే అవి వాయిస్తుంటాయి, ఒక్కోసారి మాటకన్నా ముందే! ఇది ఏ రాగమని మాత్రం వెతక్కండి, దొరకదు, ఊరికే టెన్షన్.

ఇది నచ్చాకే మరో అమెరికన్ స్వరకర్త జార్జ్ క్రంబ్ ‘బ్లాక్ ఏంజెల్స్’ (1970) జోలికి వెళ్లండి. వియత్నాం యుద్ధకాలపు రచన, వయొలిన్ వాయించే డేవిడ్ హారింగ్టన్ రేడియోలో ఇది విన్నాకే 1973లో సియాటిల్‌లో ఈ బృందాన్ని పెట్టాడు. మొదలే చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, వాల్యూమ్ తగ్గించుకోండి. వాయించేవాళ్లు అంకెలు అరుస్తారు, గుసగుసలాడతారు, నీళ్లు పోసిన గాజు గ్లాసుల అంచుల మీద కమాను లాగుతారు. ఆ గ్లాసుల భాగం వీడియోలో చూడండి, లేకపోతే ఆ శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందో అర్థం కాదు.

మీరు వయొలిన్ వాయిస్తారా? అయితే ‘ఫిఫ్టీ ఫర్ ది ఫ్యూచర్’ చూడాల్సిందే. కుర్ర బృందాల కోసం రాయించిన యాభై రచనలు, నోటేషన్, రికార్డింగులతో సహా ఆన్‌లైన్‌లో ఉచితం. జాకిర్ హుస్సేన్ రాసిందీ ఉంది. కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్నవాళ్లకి రెండు చిక్కులు: అయిదు గీతల పాశ్చాత్య నోటేషన్ చదవడం రావాలి, తీగల శ్రుతి కూడా మన స-ప-స-ప కాదు, మార్చుకోవాలి. రికార్డింగ్ పెట్టుకుని, నాలుగింటిలో మీ ఒక్క వాయిద్యం గీత మీదే వేలుపెట్టి కదుపుతూ, తప్పిపోకుండా చివరిదాకా రాగలిగితే అప్పుడు కమాను పట్టండి.